ఊగే ఊళ్లో కప్పల కొలను

తెప్పలూరు, మూడో పంపుగది. డ్యూటీ పుస్తకం.
రాస్తున్నది: నూకరత్నం, మెకానిక్కు.

సోమవారం. తూర్పు గాలి. ఊపు తక్కువ.

పంపులు రెండూ నడుస్తున్నాయి. ఉప్పు తీసే పొరలు కడిగాను. తాగునీళ్లలో బ్లీచింగు సరిపడా ఉంది.

ఈ పుస్తకంలో నేను రాయాల్సింది ఇంతవరకే. కానీ పొద్దుటి నుంచీ నా బుర్రలో తిరుగుతున్నవి పంపులు కావు, కప్పలు. ఇక్కడ రాసుకోకపోతే ఇంటికెళ్లి ఎవరో ఒకరి మీద అరుస్తాను. పైవాళ్లు చదివితే చదవనీ.

కప్పలు మా వదిన అచ్చియ్యమ్మవి. ఆవిడ మా ఆయన కామేశుకి అక్క. మా వాళ్లందరూ వలలు వేసి బతికినవాళ్లే గానీ, ఆవిణ్ని మాత్రం లోపలి పల్లెలో వరి పండించే ఇంటికి ఇచ్చారు. సముద్రం పొలాల మీదికొచ్చి నేలంతా ఉప్పుబారిపోయాక ఆ ఊరివాళ్లు తలో దిక్కూ పోయారు. ఈవిడ తమ్ముణ్ని వెతుక్కుంటూ ఈ తేలే ఊరికి వచ్చింది. అందరూ బట్టల మూటలతో దిగుతుంటే ఈవిడ తడిగుడ్డ కట్టిన కుండ ఒకటి పట్టుకుని దిగింది. అందులో నాలుగు చెట్టు కప్పలు. మూడు మగవి, ఒకటి ఆడది. గోధుమరంగు ఒళ్లు, సన్నటి నడుము, వేళ్ల చివర గుండ్రటి మెత్తలు. బల్లుల్లా గాజుకి అతుక్కుని పగలంతా పడుకుంటాయి.

కామేశు పాత పడవ అద్దాలు అతికించి బీరువా అంత గాజు పెట్టె కట్టిచ్చాడు. ఇన్నాళ్లూ దాని సంగతి ఆవిడే చూసుకుంది. ఇప్పుడు ఆవిడ కళ్లలో ఒత్తిడి పెరిగిపోయి చూపు పోతోంది. పోయినది ఎలాగూ రాదట. ఉన్నదైనా నిలవాలంటే ఆపరేషన్ చెయ్యాలి. ఏడాదికోసారి వచ్చే ఆసుపత్రి ఓడ వచ్చే వారం మా రేవుకి వస్తోంది.

"నేను రానే," అంది ఆవిడ నిన్న, కంచం ముందు కూర్చుని.

"అదేంటి వదినా?"

"ఆడదాని పొట్ట నిండుగా ఉంది. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది కదా. ఇప్పుడు సరైన నీళ్లు దొరికితే గూడు పెడుతుంది. పిల్లలు నీళ్లలో పడేదాకా నేనెక్కడికీ కదల్ను."

కామేశు పచ్చడి కలుపుకుంటూ తల దించుకున్నాడు. ఇలాంటప్పుడు అతను చేసే పని అదొక్కటే.

"సరే, నీళ్లే కదా. నేను కట్టిస్తాను కొలను," అన్నాను. ఊరందరికీ నీళ్లిచ్చేదాన్ని, నాలుగు కప్పలకి ఇవ్వలేనా అనుకున్నాను.

మంగళవారం. గాలి లేదు.

వెడల్పాటి రేకు తట్టలో కుళాయి నీళ్లు పోసి, రెండు రాళ్లు పెట్టి, గాజు పెట్టెలో అమర్చాను. ఒక్క కప్ప దిగలేదు. నాలుగూ పైకప్పుకి అతుక్కుని, అక్కణ్నుంచి కదలకుండా ఉన్నాయి.

వదిన తట్టలో వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది నీళ్లా మందా?"

"ఊరంతా తాగుతున్నారు వదినా ఇవే."

"ఊరంతా నోటితో తాగుతున్నారు. ఇవి ఒంటితో తాగుతాయే. ఒళ్లంతా మండుతుంది వాటికి."

మూతలేని గిన్నెలో ఒక రోజు ఉంచితే బ్లీచింగు పోతుందంది. ఉంచాను. సాయంత్రం గాలి లేచి కిటికీలోంచి సముద్రపు తుంపర పడి ఆ నీళ్లు ఉప్పగా అయిపోయాయి. ఉప్పు తగిలినా అవి బతకవట. మూత పెడితే బ్లీచింగు పోదు, తీస్తే ఉప్పు పడుతుంది. ఆ గిన్నె ఎత్తి సముద్రంలోకి విసిరెయ్యాలనిపించింది.

చివరికి చేపల చల్లగది బయట, గోడ మీద చెమటలా పట్టే నీళ్లని గుడ్డతో అద్ది, పిండి, బకెట్టులో పట్టుకొచ్చాను. మందు లేదు, ఉప్పు లేదు. సగం పూట పట్టింది. చల్లగదివాళ్లు నన్ను చూసి నవ్వుకున్నారు.

గురువారం. పడమటి గాలి. కొంచెం ఊపు.

ఒక పంపు బేరింగు అరుస్తోంది, మార్చాలి.

కప్పలు దిగాయి. రాత్రి నీళ్ల అంచున కూర్చున్నాయని వదిన చెప్పింది. కానీ మగవి అరవలేదట. అవి అరవకపోతే ఆడది కదలదట. నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తేనే వానొచ్చిందనుకుని అరుస్తాయట.

చప్పుడే కదా కావాలి అనుకుని, పాత చిన్న పంపు బిగించి, తట్టలో నీళ్లని పైకి తోడి రాళ్ల మీదుగా జారేలా జలపాతం కట్టాను. ఎంత బాగా వచ్చిందో! కామేశు పక్కింటివాళ్లని కూడా పిలిచి చూపించాడు. నేను గర్వపడ్డాను. రాసేస్తున్నాను, గర్వపడ్డాను.

శుక్రవారం.

ఒక కప్ప చచ్చిపోయింది.

పంపు నీళ్లు పీల్చే మూతికి జల్లెడ బిగించలేదు. చిన్న మగకప్ప కాలు అందులోకి పోయి, పైకి రాలేక మునిగిపోయింది. ఈ ఊళ్లో ఏ పంపు బిగించినా నేను మొదట చూసేది మూతికి జల్లెడ ఉందా లేదా అనే. ఇంట్లో మాత్రం చూడలేదు.

వదిన దాన్ని అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో వీపు తడిమింది. తిడితే బాగుండేది.

"పంపుల దానివి కదే నువ్వు," అంది చివరికి. అంతే.

పంపు పీకేశాను. తీరా చూస్తే ఆ పంపు వల్ల మిగతావి కూడా అరవలేదట. దాని గుయ్యిమనే మోత ముందు వాటి గొంతు వాటికే వినిపించదని ఆవిడ అంది. ఈ మాట నిన్ననే చెప్పొచ్చుగా అన్నాను. "నిన్న నువ్వు వినే మొహంతో ఉన్నావా?" అంది.

ఆదివారం. గాలి లేదు. వేడి.

పంపు లేదు, మోత లేదు. శివుడి మీద కట్టే ధారపాత్రలా ఒక చెంబుకి అడుగున చిల్లు పొడిచి, వత్తి దూర్చి, తట్ట మీద వేలాడదీశాను. చుక్క, చుక్క, చుక్క. చెంబు ఖాళీ అయినప్పుడల్లా నింపాలి. తెల్లవార్లూ వదిన లేచి నింపుతోందని నాకు తెలుసు. పడుకోమంటే వినదు.

ఈ సాయంత్రం చీకటి పడగానే మగది అరిచింది. ఎవరో చెక్క తలుపు మీద వేలి కణుపుతో కొట్టినట్టు, టక్ టక్ టక్. వెంటనే రెండోది అందుకుంది.

వదిన గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. నేను ఇంక పని అయిపోయింది అనుకున్నాను.

మంగళవారం. తూర్పు గాలి.

అయిపోలేదు.

మొన్న నాచు కోత పడవలన్నీ ఒక్కసారే వచ్చి మూటలన్నీ ఊరికి దక్షిణం వైపు దింపాయి. ఆ బరువుకి ఊరంతా అటువైపు ఒరిగింది. ఇది కొత్తేం కాదు, మంచం మీంచి దొర్లకుండా పడుకోవడం మాకు ఎప్పుడో అలవాటైపోయింది. కానీ తట్టలో నీళ్లు కూడా దక్షిణం మూలకి చేరాయి. సరిగ్గా ఆ రాత్రే ఆడకప్ప గూడు పెట్టింది. నీళ్లున్న మూల చూసుకుని, దానికి పైన గాజు మీద పెట్టింది. పొంగిన ఇడ్లీ పిండి ముద్దలా తెల్లటి నురుగు. దాని లోపల గుడ్లు.

ఈ పూట నాచు మూటలు తీసేశారు. ఊరు నిటారుగా అయింది. నీళ్లు తట్ట మధ్యకి జరిగిపోయాయి. ఇప్పుడు గూడు కింద తట్ట అంచూ దాని పక్కన పొడి చెక్కా తప్ప ఏమీ లేదు.

నాలుగైదు రోజుల్లో నురుగు అడుగున మెత్తబడి, కరిగి, పిల్లలు ఒక్కొక్కటే కిందికి జారతాయట. కింద నీళ్లుంటే కప్పలవుతాయి. చెక్క మీద పడితే అంతే.

"గూడు తీసి నీళ్ల మీద పెడదాం వదినా, కత్తితో నెమ్మదిగా..."

"ముట్టుకోకు! చిరిగిందంటే లోపలున్నవన్నీ పోతాయి."

"అయితే తట్ట జరుపుతాను."

జరిపాను. అల వచ్చినప్పుడల్లా నీళ్లు ఈ చివర నుంచి ఆ చివరకి పోతున్నాయి. గూడు కింద ఒక క్షణం నీళ్లు, ఒక క్షణం ఖాళీ. పిల్లలు పడేటప్పుడు అల ఎటుంటుందో ఎవరు చెప్పగలరు?

బుధవారం. ఊపు పెరిగింది.

తట్ట తీసేసి ఇడ్లీ పళ్లెం పెట్టాను, ప్రతి గుంటలో నీళ్లు పోసి. గుంటలు విడివిడిగా ఉంటాయి కాబట్టి నీళ్లు జరగవని. లోతు చాల్లేదు, రెండు అలలకే చిందిపోయి గుంటలన్నీ ఎండిపోయాయి.

లోతైన గిన్నెని తాళ్లతో వేలాడదీశాను. ఊరు ఎటు ఒరిగినా అది నిటారుగా ఉంటుందని. ఉంది. కాకపోతే ఊగి వచ్చి గాజుకి ధన్‌మని కొట్టుకుంది. గూడు మొత్తం వణికింది. వదిన ఆ చప్పుడుకే లేచొచ్చి, చేతులు చాపుకుంటూ, గిన్నెని వెతికి పట్టుకుని ఆపింది.

వాయుగుండం పడిందని రేడియోలో చెబుతున్నారు. ఆసుపత్రి ఓడ రేపు వస్తుంది.

రాత్రి కామేశుతో పోట్లాడాను. "మీ అక్కకి మీరొక్క మాట చెప్పరేం?" అంటే, "అక్క మాట ఇంటాదేటి నాది? చిన్నప్పుడు నన్నెత్తుకుని పెంచింది. నేనేటి చెప్తాను?" అన్నాడు. చెప్పాల్సిన వాడు చెప్పడు, వినాల్సిన ఆవిడ వినదు. మధ్యలో నేనూ ఒక నురుగు ముద్దా మిగిలాం.

శుక్రవారం. సాయంత్రం.

నిన్న ఏమీ రాయలేదు. ఈ రోజుది మొత్తం రాస్తాను.

ఓడ నిన్న వచ్చింది. వదిన కళ్లు చూశారు. ఎడమ కన్ను దాదాపు పోయిందనీ, కుడి కన్ను ఈసారి వదిలేస్తే వచ్చే ఏడాదికి అదీ ఉండదనీ డాక్టరమ్మ చెప్పింది. వదిన బుద్ధిగా తల ఊపింది. ఇంటికొచ్చి మళ్లీ గాజు పెట్టె ముందు పీట వేసుకుని కూర్చుంది.

పొద్దున్న లేచేసరికి సముద్రం పొంగుతోంది. ఇంట్లో గిన్నెలు వాటంతటవే నేల మీద నడుస్తున్నాయి. గూడు అడుగున నురుగు పసుపురంగుకి తిరిగి చెమ్మగా కిందికి సాగుతోంది.

"ఇవాళే," అంది వదిన వేలితో గాజు తడిమి.

నాకు ఇంక మార్గం కనపడలేదు. గంజి గిన్నెలో చల్లగది నీళ్లు పోసి, గాజు పెట్టె తలుపు తీసి, రెండు చేతులూ లోపలికి పెట్టి, గూడు కింద పట్టుకున్నాను. ఊరు ఇటు ఒరిగితే నేను అటు, అటు ఒరిగితే ఇటు. నీళ్లు చిందలేదు. ఇన్ని రోజులు నేను బిగించినవన్నీ చెయ్యలేని పని నా నడుము చేసింది. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

అప్పుడే కామేశు పరిగెత్తుకొచ్చాడు. తల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఓడ ఇప్పుడే ఎల్లిపోద్దంట! గాలి ముదిరితే రేవులో ఆపలేమంటన్నారు. అక్కా, లెగు!"

"నేను రాను రా."

"అక్కా..."

"రత్నం చేతులు ఎంతసేపు ఆగుతాయి? దానికి అలుపొస్తే నేను పట్టుకోవాలి. అవి పడేదాకా నేను కదల్నని ముందే చెప్పాను."

"వదినా, మీరు వెళ్లండి. నేను పట్టుకుంటాను," అన్నాను.

"పట్టుకుంటావులే. పోయిన శుక్రవారం చూశాగా."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. గిన్నె పట్టుకునే అరిచాను.

"అవును, చంపాను! జల్లెడ మరిచిపోయి చంపాను! అందుకే చల్లగది గోడలు తుడిచాను, అందుకే చెంబుకి చిల్లు పొడిచాను, అందుకే ఇక్కడ నిలబడ్డాను. మీకింకేం కావాలి? రేపు ఆ రెండో కన్ను కూడా పోయాక మీ చెయ్యి పట్టుకుని నడిపించేది ఎవరు? నేను! అప్పుడు ఈ కప్పలు వచ్చి మీకు అన్నం కలిపి పెడతాయా?"

వదిన పీట మీంచి కదల్లేదు. బయట ఓడ కూత వేసింది.

"మీరు లేవకపోతే ఈ గిన్నె దించేస్తాను," అన్నాను.

"దించవు."

"దించుతాను వదినా."

"దించవే నువ్వు."

ఆవిడకి నా మొహం మసగ్గా కనపడుతుందేమో గానీ నా చేతులు కనపడతాయి, అంత దగ్గరగా ఉంది. నేను గిన్నెని కిందికి దించాను. జానెడు. ఇంకో జానెడు. తలుపు బయటికి తెచ్చేశాను. గూడు కొసన ఒక బొట్టు వేలాడుతోంది.

వదిన ఆ బొట్టు ఉన్న వైపే చూసింది. తరవాత కాలితో చెప్పుల కోసం నేలంతా వెతికింది. దొరికాయి. తమ్ముడి భుజం పట్టుకుని లేచింది.

నా వైపు తిరక్కుండా వెళ్లిపోయింది.

గిన్నె మళ్లీ లోపలికి పెట్టాను. నిజంగా దించేసి ఉండేదాన్నా? తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఓడ రెండో కూత వినపడింది. మూడోది కొంచెం దూరం నుంచి వచ్చింది. భుజాలు కాలిపోతున్నాయి. ముక్కు దురద పెడితే గాజుకి రాసుకున్నాను. ఆడకప్ప పైనుంచి గొంతు ఆడిస్తూ నా వైపు చూస్తోంది. దాన్ని కూడా తిట్టాను. నీకేమే, పెట్టేసి పైకెక్కి కూర్చున్నావు అన్నాను.

కామేశు తిరిగొచ్చేసరికి నా చేతులు బరువుకి కిందికి దిగిపోతున్నాయి. అతను నా వెనక నిలబడి మోచేతుల కింద తన చేతులు పెట్టాడు. పెళ్లయ్యాక నేను చెప్పకుండా అతను ఒక పని చెయ్యడం ఇదే మొదటిసారి.

"ఎక్కిందా?" అన్నాను.

"ఎక్కింది. దారంతా ఏడుత్తూనే ఉంది."

అప్పుడు పడింది మొదటిది. బియ్యపు గింజకి తోక పెట్టినట్టుంది. నురుగు బొట్టుతో పాటు జారి గిన్నెలో పడి, ఒక క్షణం కదలకుండా ఉండి, తోక ఆడించింది. తరవాత రెండు. తరవాత ఒకదాని మీద ఒకటి, నురుగంతా కరిగి ధారలా దిగింది. ఊరు అటూ ఇటూ ఒరుగుతూనే ఉంది. ఒక్కటి కూడా బయట పడలేదు. మేమిద్దరం ఆ గిన్నెతో పాటు ఊగుతూ నిలబడ్డాం.

గిన్నెని మూతపెట్టి పంపుగదికి తెచ్చాను. ఇక్కడ ఊపు కాస్త తక్కువ, రేడియో కూడా ఇక్కడే ఉంది. పెద్ద సెట్టులో ఓడని పిలిచాను. అవతల ఎవరో కుర్రది తీసింది. అచ్చియ్యమ్మగారిని పిలవమంటే ప్రయాణికులతో మాట్లాడకూడదంది. కప్పల గురించి అని చెబితే ఏం అర్థమైందో, పిలిచింది.

"వదినా, పడ్డాయి."

గరగరమని శబ్దం.

"వదినా, వినపడుతోందా? అన్నీ నీళ్లలోనే పడ్డాయి. తిరుగుతున్నాయి."

"వినపడింది," అంది. ఇంకా కోపంగానే ఉందనుకున్నాను. తిడుతుందనుకుని సిద్ధపడ్డాను.

"రత్నం."

"చెప్పండి వదినా."

"ఇక్కడ బల్ల చూపించారే. పడుకోబెట్టి, తల కదలకుండా పట్టీ బిగిస్తారట. కన్ను తెరిచి ఉంచే కోస్తారట. పోయినేడు ఓడ వచ్చినప్పుడు కాలు బెణికిందన్నాను చూడు, బెణకలేదు. భయమే నాకు. కప్పల మీద ప్రేమ నిజమే. కానీ ఈసారి ఆడదాని పొట్ట నిండుగా తగలగానే... హమ్మయ్య, వెళ్లక్కర్లేదు అనుకున్నాను."

ఇన్నాళ్ల తట్టలు, చెంబులు, ఇడ్లీ పళ్లేలు, పోట్లాటలు అన్నీ నా కళ్ల ముందు తిరిగాయి. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ రేడియోలో ఆవిడ ఊపిరి వినపడుతోంది, చలికి వణికే మనిషిలా.

"ఎప్పుడు కోస్తారట?" అన్నాను.

"గాలి తగ్గాక. రేపో ఎల్లుండో. రత్నం, పెట్టెయ్యకే. కాసేపు ఏదో ఒకటి మాట్లాడు."

గిన్నె మూత తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఒకటి గిన్నె అంచుకి ఆనుకుని పడుకుంది వదినా. దానికి బద్ధకం. రెండు ఒకదాని వెంట ఒకటి పడుతున్నాయి. ఇదిగో, ఇప్పుడొకటి తోక ముడుచుకుని గుండ్రంగా తిరుగుతోంది..."

"ఏ రంగే?"

"నల్లగా. పొట్ట దగ్గర లోపలివి కూడా కనపడుతున్నాయి."

"ఊఁ. చెప్పు."

చెబుతూనే ఉన్నాను. ఓడ దూరమయ్యే కొద్దీ శబ్దం పెరిగి, ఆవిడ "ఊఁ" లు ఒకటి వినపడి ఒకటి వినపడక, చివరికి ఏవీ వినపడలేదు. అయినా ఇంకాసేపు చెప్పాను. అటువైపు నా గొంతు అందుతూ ఉండొచ్చు కదా.

పంపులు రెండూ నడుస్తున్నాయి.